ఈ రాత్రికి చోటుందా?

గుత్తి నుంచి పత్తికొండ వెళ్లే దారిలో ఎర్రగుడి అని ఓ ఊరుంది. అనంతపురం జిల్లా పొలిమేర దాటి కర్నూలు జిల్లాలోకి అడుగుపెట్టిన కాసేపటికే వస్తుంది. చుట్టూ ఎర్రమట్టి చేలు. ఊరికి దగ్గర్లో ఓ గుట్ట. గుట్ట మీద పెద్ద పెద్ద బండలు. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం వెళితే ఆ బండల మీద చెయ్యి పెట్టలేరు.

ఆ బండల మీద అక్షరాలున్నాయి. 1929లో అనూ ఘోష్ అనే భూగర్భ శాస్త్రవేత్త కంటపడే వరకూ అవి అశోకుడి శాసనాలని లోకానికి తెలియదు. లిపి బ్రాహ్మి, భాష ప్రాకృతం. వయసు రెండువేల రెండొందల ఏళ్ల పైమాటే. అందులో ఓ శాసనం రాసిన తీరు తమాషాగా ఉంటుంది. కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు... రైతు మడక కట్టి చేను చివరిదాకా పోయి, ఎద్దులను మళ్లించుకుని వచ్చినట్టు!

ఆ శాసనంలో ఓ అంకె ఉంది. 256.

ఏమిటీ అంకె? దీని గురించి పండితులు చాలాకాలం వాదించుకున్నారు. ఎక్కువమంది చెప్పే అర్థం ఇదీ... ఈ మాటలు చాటించేనాటికి అశోకుడు ఇల్లు విడిచి ప్రయాణంలో గడిపిన రాత్రులు 256. బీహార్‌లో ససారాం దగ్గరున్న ఇదే శాసనం ప్రతిలో ‘రాత్రులు’ అనే మాట కూడా కనిపిస్తుంది.

చూశారా, పగళ్లు లెక్కపెట్టలేదు! దారి నడిచేవాడికి పగలు ఎలాగోలా గడిచిపోతుంది. పొద్దుగూకితేనే చిక్కంతా. తల ఎక్కడ వాల్చాలి? ఎవరి గడప ముందు నిలబడాలి? ‘ఈ రాత్రికి చోటుందా?’ అని ఎవర్ని అడగాలి? చక్రవర్తికి డేరాలుంటాయి, పరివారం ఉంటుంది. మామూలు బాటసారికి ఏముంటుంది?

ఆ ప్రశ్నకు బౌద్ధం చెప్పిన జవాబు విహారం. బోధ్‌గయ నుంచి జపాన్ దాకా ఈ రోజుకీ ఎన్నో బౌద్ధాలయాలు యాత్రికులకు రాత్రి బస ఇస్తున్నాయి. ఆ బస వెనకున్న ధర్మం ఏమిటో అనంతపురం నేలమీద నిలబడి చూస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. ఎందుకంటే, వచ్చినవాడికి మొదట ఇవ్వాల్సిన వస్తువు ఇక్కడ అన్నిటికంటే ఖరీదైనది. అది... నీళ్లు!

చెంబెడు నీళ్లు

అనంతపురం వానల లెక్క అక్కడ బడిపిల్లలకూ తెలుసు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. నైరుతి మబ్బుల్ని పడమటి కనుమలు ముందే ఆపేస్తాయి. ఈశాన్య మబ్బులు కోస్తాలో కురిసి, ఇంతదూరం వచ్చేసరికి తేలిపోతాయి. బంతిలో ఆ చివరా ఈ చివరా వడ్డించి, మధ్యలో కూర్చున్నవాడి దగ్గరికొచ్చేసరికి గిన్నె ఖాళీ అయినట్టు.

అందుకే ఇక్కడ ఊరు పుట్టాలంటే ముందు చెరువు పుట్టాలి. 14వ శతాబ్దంలో, విజయనగరం తొలినాళ్లలో చిక్కప్ప ఒడయరు కట్టించిన చెరువుల వల్లే బుక్కరాయసముద్రం, అనంతపురం ఊళ్లకు ఆ పేర్లు వచ్చాయని చెబుతారు. బుక్కరాయలి పేరు ఒకదానికి, అనంతమ్మ పేరు ఇంకోదానికి.

ఇలాంటి నేలమీద కొత్తమనిషి వాకిట్లో నిలబడితే పెద్దవాళ్లు అడిగే మొదటి మాట ‘యా ఊరప్పా మీది?’ అని. రెండోది ‘నీళ్లు తాగుతావా నాయనా?’ అని. అన్నం సంగతి ఆ తర్వాత. దప్పిగొన్న మనిషిని ఊరికే పంపితే పాపమని పాతతరం వాళ్ల నమ్మకం. ఎండాకాలం రాగానే బస్టాండుల్లో, నాలుగు రోడ్ల కూడళ్లలో పందిరి వేసి కుండలు పెట్టే చలివేంద్రాలు ఆ నమ్మకానికి గుర్తులే.

ఎర్రగుడి బండ మీద కూడా ఈ మాటే ఉంది. అక్కడి 14 పెద్ద శాసనాల్లో రెండోది చదివితే తెలుస్తుంది. మనుషులకూ పశువులకూ వైద్యం ఏర్పాటు చేసిన సంగతి, మందుమొక్కలు లేనిచోట తెప్పించి నాటించిన సంగతి, బాటల వెంట చెట్లు పెట్టించి బావులు తవ్వించిన సంగతి అందులో ఉన్నాయి. ఇప్పుడు ఢిల్లీలో ఉన్న తోప్రా స్తంభం మీది ఏడో శాసనం ఇంకాస్త వివరంగా చెబుతుంది. నీడకు మర్రిచెట్లు, మామిడితోపులు, బావులు, బాటసారులు ఆగడానికి చోట్లు, అక్కడక్కడా మనుషులూ పశువులూ నీళ్లు తాగే ఏర్పాట్లు... మన మాటల్లో చెప్పాలంటే సత్రాలూ చలివేంద్రాలే!

ఆగంతకుడంటే దొంగ కాదు

బుద్ధుడి శిష్యులు మొదట్లో ఒకచోట ఉండేవాళ్లు కారు. చెట్టుకింద, కొండగుహలో, ఊరిబయట తోపులో ఎక్కడ పొద్దుగూకితే అక్కడే. అయితే వానాకాలంలోనూ తిరుగుతుంటే లేతగడ్డి, చిన్న చిన్న పురుగులు కాళ్లకింద నలిగిపోతున్నాయని జనం తప్పుపట్టారు. దాంతో వానలు కురిసే మూడు నెలలూ కదలకుండా ఒకేచోట ఉండాలన్న నియమం వచ్చింది. దాన్నే వర్షావాసం అంటారు. మన స్వాముల చాతుర్మాస్యం లాంటిదే. అలా ఆగిన చోట్ల పాకలు, పాకల స్థానంలో ఇటుక గదులు, గదుల మధ్య ముంగిలి... క్రమంగా విహారాలయ్యాయి.

విహారమంటూ ఏర్పడ్డాక, వేరే చోటినుంచి వచ్చే భిక్షువుల రాకా మొదలైంది. వాళ్లెలా నడుచుకోవాలి? వినయపిటకంలో దీనికోసం ఓ అధ్యాయంలో పెద్ద జాబితానే ఉంది. అలా వచ్చినవాడిని పాళీలో ‘ఆగంతుకుడు’ అంటారు. ఇప్పుడు పేపర్లో ‘ఆగంతకుడు’ అని కనిపిస్తే దొంగతనమో దోపిడీయో జరిగిందనుకుంటాం. కానీ ఆ మాటకు అసలు అర్థం వచ్చినవాడు, అతిథి అనే.

ఆ జాబితాలో ఓ నియమం వెనక చిన్న కథ ఉంది. కొత్తగా వచ్చిన ఓ భిక్షువు ఎవరూ ఉండని గది తలుపు గభాల్న తోసి లోపలికి వెళ్లాడు. పైనుంచి ఓ పాము జారి భుజం మీద పడింది. పెద్దగా కేక పెట్టాడు. విషయం బుద్ధుడి దాకా వెళ్లింది. అప్పటినుంచి నియమం... ముందు తలుపు తట్టాలి. కాసేపు ఆగాలి. తలుపు తోసి, బయటే నిలబడి లోపలికి చూడాలి. ఆ తర్వాతే అడుగు పెట్టాలి. మూతపడిన పాత ఇంటి తలుపు తీసేటప్పుడు మన పల్లెల్లో పెద్దవాళ్లు చెప్పే జాగ్రత్త అచ్చంగా ఇదే.

మిగతావీ ఇలాంటివే. ఆవరణలోకి రాకముందే చెప్పులు విడిచి దుమ్ము దులపాలి. గొడుగు ముడవాలి. తాగేనీళ్లు ఏవో, వాడుకనీళ్లు ఏవో అడిగి తెలుసుకోవాలి. రాయలసీమ ఇళ్లలో ఈ నియమం ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. మంచినీళ్ల బిందె వేరు, ఉప్పునీళ్ల తొట్టి వేరు. తెలియక మంచినీళ్లతో కాళ్లు కడుక్కున్న చుట్టాన్ని ఇంటావిడ ఏమీ అనదు గానీ, ఆ చూపు చాలు!

ఉండే గదిలో బూజు ఉంటే దులుపుకోవాలి, చెత్త ఉంటే ఊడ్చుకోవాలి. తాగేనీళ్లు లేకపోతే వచ్చినవాడే తెచ్చి పెట్టాలి. వెళ్లేటప్పుడు సామాన్లు సర్ది, తలుపులూ కిటికీలూ మూసి, అక్కడున్నవాళ్లకు చెప్పి వెళ్లాలి. విహారంలో ఉన్నవాళ్లకూ కొన్ని విధులున్నాయి. వచ్చిన పెద్ద భిక్షువుకు ఎదురెళ్లాలి, పీట వెయ్యాలి, కాళ్లకు నీళ్లివ్వాలి, తాగడానికి నీళ్లు కావాలేమో అడగాలి, పడుకునే చోటు చూపించాలి.

అంటే బసకు అద్దె లేదు. అలాగని ఊరికే వచ్చేదీ కాదు. ఇచ్చేవాడికి కొంత బాధ్యత, పుచ్చుకునేవాడికి కొంత బాధ్యత. ఈ సర్దుబాటు మీదే శతాబ్దాల తరబడి దారి నడిచింది.

ఏడో శతాబ్దంలో చైనా నుంచి వచ్చిన హ్యుయాన్‌త్సాంగ్ కథ ఇందుకు మంచి ఉదాహరణ. అమరావతి ప్రాంతంలోని ధాన్యకటకానికి వచ్చి, ఇద్దరు భిక్షువుల దగ్గర చదువుకుంటూ కొన్ని నెలలు అక్కడే ఉండిపోయాడు. వాళ్లకు తెలిసింది తాను నేర్చుకున్నాడు, తనకు తెలిసింది వాళ్లకు నేర్పాడు. బసకు బదులు పాఠం!

పేర్లలోనే నీళ్లు

విశాఖపట్నం నుంచి భీమిలి వెళ్లే దారిలో రెండు కొండల మీద బౌద్ధ విహారాల శిథిలాలున్నాయి. ఒకటి తొట్లకొండ, రెండోది బావికొండ. అక్కడ స్తూపాలున్నాయి, భిక్షువుల గదులున్నాయి, కూడి మాట్లాడుకునే మంటపాలున్నాయి. అయినా జనం నోట నిలిచిన పేర్లు అవేవీ కావు. రాతిలో తొలిచిన నీటితొట్లు ఉన్నందుకు తొట్లకొండ. వాననీళ్లు పట్టే బావులున్నందుకు బావికొండ. విహారం పాడుబడింది. భిక్షువులు వెళ్లిపోయారు. వాళ్ల దేవుడెవరో, ధర్మమేమిటో ఊళ్లు మరిచిపోయాయి. నీళ్లను మాత్రం మరిచిపోలేదు.

కృష్ణ ఒడ్డున నాగార్జునకొండలో మూడో శతాబ్దం నాటి ఓ శాసనం ఉంది. వేయించింది బోధిసిరి అనే ఉపాసిక. రాణి కాదు, రాజుగారి చెల్లెలు కాదు, ఓ గృహస్థు ఇంటి ఆడమనిషి. సింహళ భిక్షువుల కోసం తాను చేయించిన చైత్యగృహంతో పాటు, వేరు వేరు చోట్ల చేయించిన ధర్మకార్యాలన్నీ అందులో వరుసగా చెప్పుకుంది. ఒకచోట భిక్షువులకు గది. పూర్వశైలంలో ఓ చెరువు, ఓ మంటపం. పదిహేడు వందల ఏళ్ల కిందట ఒక తెలుగునేల ఇల్లాలికి దానం అంటే తోచినవి ఇవీ... దప్పికకు నీళ్లు, నడుం వాల్చడానికి చోటు.

ఆ శాసనంలో కాశ్మీరం, గాంధారం, చైనా, వంగ, వనవాసి, ద్రావిడ దేశాల పేర్లు కూడా వస్తాయి. అన్ని నేలలతో సంబంధం ఉన్న భిక్షువులు ఆ లోయకు వచ్చిపోయేవారన్నమాట. 1950, 60 దశకాల్లో నాగార్జునసాగర్ కట్టేటప్పుడు లోయ మునిగింది. తవ్వకాల్లో బయటపడ్డ కట్టడాలు కొన్నిటిని కొండ మీదికి, ఒడ్డుకు తరలించి మళ్లీ నిలబెట్టారు. ఇప్పుడు అక్కడికి పడవలో వెళ్లి చూసి రావాలి. రాత్రి ఉండే పద్ధతి లేదు.

ఇప్పుడెక్కడ ఉండొచ్చు?

మరి ఈ రోజుల్లో విహారంలో ఓ రాత్రి ఉండాలంటే?

అనంతపురం వైపు నుంచి వెళ్లేవాళ్లకు దగ్గరి దారి కర్ణాటకలోనే ఉంది. మైసూరు దాటాక కొడగు పొలిమేరలో బైలకుప్పె. టిబెట్ నుంచి వచ్చిన శరణార్థుల కోసం అప్పటి మైసూరు రాష్ట్రం భూమి ఇస్తే 1961 ప్రాంతంలో ఏర్పడిన కాలనీ. 1963లో పెనోర్ రింపోచే ఇక్కడ నెలకొల్పిన నామ్‌డ్రోలింగ్ మఠంలోని బంగారు బుద్ధుల ఆలయం చూడటానికి రోజూ వేలమంది వస్తారు. ఎక్కువమంది గంటలో ఫొటోలు దిగి వెళ్లిపోతారు. అతిథిగృహంలో గది దొరికి రాత్రి ఆగినవాళ్లకే తెల్లవారుజామున వందల గొంతులు ఒక్కసారిగా లేచే ప్రార్థన వినే భాగ్యం. విదేశీయులు అక్కడ రాత్రి ఉండాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. మనకు ఆ చిక్కు లేదు.

బుద్ధుడికి జ్ఞానోదయమైన బోధ్‌గయలో థాయ్‌లాండ్, భూటాన్, జపాన్, శ్రీలంక... దేశానికో ఆలయం కట్టుకున్నారు. కొన్నిట్లో యాత్రికులకు గదులున్నాయి. చలికాలంలో రద్దీ ఎక్కువ కాబట్టి ముందే అడిగి పెట్టుకోవడం మేలు.

బస కాకుండా సాధన కూడా కావాలనుకునేవాళ్లకు గోయెంకా 1969లో మనదేశంలో మొదలుపెట్టిన విపశ్యన శిబిరాలున్నాయి. హైదరాబాద్‌లో, నాగార్జునసాగర్‌లో కేంద్రాలున్నాయి. పదిరోజులు. పొద్దున నాలుగింటికే గంట మోగుతుంది. ఎవరితోనూ మాట్లాడకూడదు, ఫోను అప్పగించెయ్యాలి. రుసుము లేదు. శిబిరం పూర్తిచేసినవాళ్లు ఇచ్చే విరాళాలతోనే నడుస్తుంది. అంటే మీరు తినే అన్నం, అంతకుముందు వచ్చివెళ్లిన ఎవరో పెట్టింది. మీరిచ్చేది తర్వాత వచ్చే ఎవరికో.

జపాన్‌లో కోయసాన్ అనే కొండ మీద ఈ పద్ధతికి పెద్ద పేరు. కూకై అనే గురువు తొమ్మిదో శతాబ్దంలో నెలకొల్పిన క్షేత్రం. అక్కడ యాభై దాకా ఆలయాలు యాత్రికులకు గదులిస్తాయి. ఈ బసను ‘షుకుబో’ అంటారు. చాపల మీద పరుపు, తెల్లవారుజామున పూజ, మాంసం చేపలు లేని భోజనం. ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు. మన ఇళ్లలో వ్రతం నాటి వంటలాగే! కాకపోతే అక్కడ బస ఉచితం కాదు, ధర బాగానే ఉంటుంది.

దక్షిణ కొరియాలో 2002లో ప్రపంచకప్ ఫుట్‌బాల్ పోటీలు జరిగినప్పుడు విదేశీ అతిథుల కోసం బౌద్ధ ఆలయాలు తలుపులు తీశాయి. పోటీలు ముగిశాయి గానీ ఆ ఏర్పాటు ‘టెంపుల్ స్టే’ పేరుతో నిలిచిపోయింది. అక్కడి భోజన పద్ధతి గురించి అనంతపురం అవ్వలకు చెబితే ఎంతో మెచ్చుకుంటారు. ఒకదాంట్లో ఒకటి ఇమిడే నాలుగు గిన్నెలు. ఎంత తినగలరో అంతే పెట్టుకోవాలి. మెతుకు మిగలకూడదు. చివర్లో ఊరగాయ ముక్కతో, కాసిన్ని నీళ్లతో గిన్నెలు తుడిచి, ఆ కడిగిన నీళ్లు తాగెయ్యాలి. ఆఖరున పారబోసే నీళ్లు తేటగా ఉండాలి. ఆ నీళ్లు తాగడానికి సూదిబెజ్జమంత గొంతు ఉన్న ప్రేతాలు కాచుకుని ఉంటాయట. మెతుకు ఉంటే వాటి గొంతుకు అడ్డుపడుతుందట!

ప్రేతాల మాట ఎలా ఉన్నా, కడిగిన నీళ్లను కూడా లెక్కచూసే చెయ్యి మన సీమకు కొత్తకాదు. బియ్యం కడిగిన నీళ్లు కుడితితొట్టిలోకి, కాళ్లు కడిగిన నీళ్లు చెట్టు పాదులోకి వెళ్లడం పల్లెటూరి ఇళ్లలో చూస్తూనే ఉంటాం.

విహారాలకు కుటుంబంతో వెళ్లేవాళ్లు కొన్ని సంగతులు గుర్తుంచుకోవాలి. చెప్పకుండా వెళ్లి తలుపు తట్టొద్దు, ముందే ఫోన్‌చేసి చోటుందో లేదో కనుక్కోండి. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు తీసుకెళ్లండి. బుద్ధుడి విగ్రహం వైపు కాళ్లు చాపుకుని కూర్చోవద్దు. కొన్ని సంప్రదాయాల్లో భిక్షువులు మధ్యాహ్నం దాటితే భోంచెయ్యరు కాబట్టి రాత్రి వంట ఉంటుందో ఉండదో అడగండి, చిన్నపిల్లలుంటే మరీనూ. పొద్దునపూట ప్రార్థనకు లేవలేమనుకుంటే దగ్గర్లో లాడ్జీ చూసుకోవడమే మంచిది. విహారానికి వెళ్లి పదింటిదాకా పడుకుంటే, పెళ్లికి వెళ్లి అక్షింతలు వెయ్యకుండా వచ్చినట్టే.

కసాపురంలో నిద్ర

‘గుడిలో నిద్ర చెయ్యడం’ అనే మాట తెలుగువాళ్లకు కొత్తకాదు. ఒంట్లో బాగాలేదనో, పిల్లలు లేరనో, మనసు కుదురుగా లేదనో మొక్కుకుని ఓ రాత్రి దేవుడి దగ్గర పడుకుని, పొద్దున్నే దర్శనం చేసుకుని వెళ్లడం మన ఆచారం. అనంతపురం జిల్లాలో అందుకు పేరుపడ్డది గుంతకల్లు పక్కనున్న కసాపురం. వ్యాసరాయలు ప్రతిష్ఠించిన నెట్టికంటి ఆంజనేయస్వామి సన్నిధి. శ్రావణమాసంలో శనివారాలు, మంగళవారాలు ఇసకేస్తే రాలనంత జనం. కర్ణాటక నుంచి కూడా వస్తారు. ఎక్కడెక్కడివాళ్లో పక్కపక్కన దుప్పట్లు పరుచుకుంటారు. పక్కావిడ చంటిబిడ్డ ఏడిస్తే ఈవిడ లేచి పాలసీసా అందిస్తుంది. పేర్లయినా తెలియవు.

పుట్టపర్తిది ఇంకో దారి. 2022లో కొత్తగా ఏర్పడిన శ్రీసత్యసాయి జిల్లాకు ఇప్పుడదే కేంద్రం. 1950లో ప్రారంభమైన ప్రశాంతి నిలయానికి ప్రపంచం నలుమూలల నుంచి భక్తులు వచ్చి ఉన్నారు, ఉంటున్నారు. అంతమందికి చోటు పెట్టిన సంస్థ, 1990ల మధ్యలో ఈ కరవుసీమలో ఏడొందలకు పైగా గ్రామాలకు తాగునీటి పథకం కూడా కట్టించింది. సత్యసాయి మీద ఎవరి అభిప్రాయం ఏదైనా, కుళాయి దగ్గర బిందె పెట్టే ఆడవాళ్లకు ఆ నీళ్ల విలువ తెలుసు. బసా నీళ్లూ ఇక్కడా జంటగానే వచ్చాయి.

బస అడిగే కొత్తమనుషులు ఎర్రగుడి చుట్టుపక్కల ఇప్పటికీ ఉన్నారు. తొలకరి జల్లు పడితే చాలు, జొన్నగిరి, తుగ్గలి పొలాల్లో వజ్రాల కోసం వెతికేవాళ్లు వేరే జిల్లాల నుంచి కూడా వచ్చేస్తారు. కొందరు అక్కడే రాత్రిళ్లు గడుపుతారు. అశోకుడి శాసనాలున్నాయని వాళ్లలో ఎందరికి తెలుసో గానీ, చెట్టునీడా బావినీళ్లూ ఆయన రాయించినప్పుడు ఎంత అవసరమో ఇప్పుడూ అంతే అవసరం.

గడప అవతల

ఇదంతా చదివి మన సత్రాలూ గుళ్లూ ఎప్పుడూ అందరికీ తలుపులు తీశాయనుకుంటే పొరపాటు. ‘యా ఊరప్పా?’ అన్న ప్రశ్న వెనక ఇంకో ప్రశ్న దాక్కుని ఉండేది. ‘ఎవుళ్లప్పా మీరు?’ అని. జవాబును బట్టి నీళ్లు చెంబుతో ఇవ్వడమా, దోసిట్లో పొయ్యడమా, అసలు ఇవ్వకపోవడమా అనేది తేలేది. శ్రీశైలం లాంటి క్షేత్రాల్లో నేటికీ సత్రాల బోర్డుల మీద కులాల పేర్లు కనిపిస్తాయి.

1901 నాటి సంగతి. సతారా నుంచి తండ్రి దగ్గరికి బయల్దేరిన కొందరు పిల్లలు రైలు దిగి, ఎద్దులబండి మాట్లాడుకున్నారు. వాళ్లు ‘అంటరానివాళ్ల’ని తెలిసి బండి తోలడానికి ఎవరూ రాలేదు. రెట్టింపు బాడుగకు ఒకడు ఒప్పుకున్నాడు, అదీ పిల్లలే తోలుకుంటే తాను పక్కన నడుస్తానని. చీకటి పడ్డాక టోల్‌గేటు దగ్గర ఆగారు. డబ్బాల్లో అన్నం ఉంది. తాగడానికి నీళ్లు లేవు. అడిగితే అక్కడివాళ్లు ఇవ్వలేదు. నీళ్లు లేక ముద్ద దిగక ఆ పిల్లలు అలాగే పడుకున్నారు. వాళ్లలో తొమ్మిదేళ్ల పిల్లాడి పేరు భీమ్‌రావ్. పెద్దయ్యాక అంబేడ్కర్ ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’లో ఈ రాత్రి గురించి రాశారు. విదేశాల్లో చదువుకుని బరోడాలో ఉద్యోగానికి వెళ్లినప్పుడూ ఆయనకు ఉండటానికి చోటు దొరకలేదు. పార్శీల సత్రంలో మారుపేరుతో ఉంటే, పదకొండో రోజున కర్రలతో వచ్చి ఖాళీ చేయించారు.

ఆ మనిషే 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో లక్షలాదిమందితో బౌద్ధం తీసుకున్నారు. అందుకు ఆయన చెప్పిన కారణాలు చాలా ఉన్నాయి, లోతైనవి. అయితే చిన్నప్పుడు దప్పికతో పడుకున్న రాత్రి నుంచి అక్కడిదాకా ఓ దారి ఉందనుకుంటే తప్పు కాదేమో. విహారంలోకి వచ్చినవాణ్ని బుద్ధుడి నియమాలు అడిగేవి చాలానే ఉన్నాయి... చెప్పులు విడిచావా, గొడుగు ముడిచావా, గది ఊడ్చావా? నీ కులమేమిటి అన్నది మాత్రం ఆ జాబితాలో లేదు.

మళ్లీ ఎర్రగుడి

ఎర్రగుడి శాసనాలు చూడ్డానికి వచ్చేవాళ్లు పొద్దుగూకేలోగా గుత్తికో, కర్నూలుకో మళ్లుతారు. 256 రాత్రుల లెక్క ఉన్న చోట ఇప్పుడు ఒక్క రాత్రి ఉండే ఆచారం లేదు. కాలం మారింది. జాతీయ రహదారి మీద లాడ్జీలున్నాయి, బస్సులున్నాయి, సెల్‌ఫోన్‌లో గది దొరుకుతుంది. డబ్బు కడితే ఎవర్నీ ఏమీ అడగక్కర్లేదు, ఎవరికీ ఏమీ బాకీ ఉండక్కర్లేదు. ఎవరు ఎవళ్లో చెప్పకుండానే తలుపు తెరుచుకునే ఆ సౌకర్యం చిన్నదేమీ కాదు. అంబేడ్కర్ పడ్డ బాధ తెలిసినవాళ్లు దాన్ని తీసిపారెయ్యలేరు.

కానీ లాడ్జీ గదిలో తాగేనీళ్లు ఏవో అడిగే పనిలేదు. వెళ్లేటప్పుడు ఊడ్చి వెళ్లే పనిలేదు. తర్వాత వచ్చేవాడి కోసం కుండ నింపి పెట్టే పని అసలే లేదు. విహారంలో, గుడి మంటపంలో గడిపే రాత్రి నేర్పేది ఆ మూడే. ముందొచ్చినవాడు పెట్టిన నీళ్లు తాగుతాం. తర్వాత వచ్చేవాడికి పెట్టి వెళతాం.

ఈసారి బైలకుప్పెకో, బోధ్‌గయకో, కసాపురానికో వెళ్లి ఓ రాత్రి ఉండొస్తే పిల్లల్ని కూడా తీసుకెళ్లండి. పొద్దున బయల్దేరే ముందు గది సర్దించండి, కుండలో నీళ్లున్నాయో లేదో చూడమనండి. ఇంటికొచ్చాక, ఎండవేళ వాకిట్లో ఎవరైనా కొత్తమనిషి నిలబడితే వాళ్లు ఏం చేస్తారో గమనించండి.

‘ఎవరు మీరు?’ అంటారా? ‘నీళ్లు తాగుతారా?’ అంటారా?

మొదటి మాట రెండోది అయితే, యాత్ర ఫలించినట్టే.